కుక్క, పిల్లి ఉన్న ఇంట్లో గాలి: ప్యూరిఫయర్ కొనే ముందు

మీరు అడిగింది ఇదీ: కూకట్‌పల్లిలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్, మూడేళ్ల మగ లాబ్రడార్, ఒక పిల్లి. ఏడేళ్ల పాపకు పొద్దున లేవగానే తుమ్ములు, రాత్రిళ్లు పొడి దగ్గు. ఇంటికొచ్చినవాళ్లు కుక్క వాసన అంటున్నారని రెండు పూటలా సాంబ్రాణి, ఫినాయిల్‌తో తుడవడం, పైగా రూమ్ ఫ్రెషనర్. ఇప్పుడు పాతిక వేలు పెట్టి ఎయిర్ ప్యూరిఫయర్ కొనాలా, లేక అత్తగారు అంటున్నట్టు రెండింటినీ ఎవరికైనా ఇచ్చేయాలా అని టెన్షన్.

నేను పశువైద్యుడిని, హైదరాబాద్‌లోనే ప్రాక్టీసు. మా ఇంట్లోనూ కుక్కలు, పిల్లులు లేని కాలం లేదు. మీకు ముందుగా చెప్పాల్సింది ఒకటే: ప్యూరిఫయర్ కొనొచ్చు, కానీ అది చివరి పని. మొదటి పని ఈ రోజు నుంచే సాంబ్రాణి, ఫ్రెషనర్ ఆపేయడం. వాసన తెలియకపోతే గాలి శుభ్రంగా ఉన్నట్టే అనుకుంటాం. కానీ పెంపుడు జంతువులున్న చాలా ఇళ్లలో ఊపిరితిత్తులకు ఎక్కువ చేటు చేసేది కుక్క కాదు, కుక్క వాసన పోవాలని మనం వేసే పొగలు, కొట్టే స్ప్రేలు.

పాప సంగతి ముందు. రాత్రి దగ్గు వారాల తరబడి ఉంటే అది ఉబ్బసం కావచ్చు, కాకపోవచ్చు. పిల్లల డాక్టర్‌కో, పల్మనాలజిస్టుకో చూపించి అలర్జీ పరీక్ష చేయించండి. చేతి మీద చుక్కలు పెట్టి సూదితో గీరే స్కిన్ ప్రిక్ టెస్ట్ గానీ, రక్తంలో స్పెసిఫిక్ ఐజీఈ (ఏది పడదో చూపించే రక్తపరీక్ష) గానీ. స్కిన్ టెస్ట్ అయితే సెట్రిజిన్ లాంటి అలర్జీ మందులు కొన్ని రోజుల ముందు నుంచి ఆపాలి, ఎన్ని రోజులో డాక్టరే చెబుతారు. ఇన్‌హేలర్ రాసి ఉంటే మాత్రం సొంతంగా ఆపొద్దు. ఈ పరీక్ష ఎందుకంటే, కుక్క వల్లే అని తీర్మానించుకుని నా దగ్గరకు వచ్చిన కుటుంబాల్లో చాలామందికి రిపోర్టులో మొదట కనిపించేది డస్ట్ మైట్స్. అంటే పరుపుల్లో, దిండ్లలో బతికే కంటికి కనిపించని పురుగులు. పొద్దున లేవగానే తుమ్ములు అన్నారు చూశారా, నాకు ముందు అనుమానం వచ్చేది పరుపు మీదే.

జంతువుల వల్లే అయితే అసలు దోషి వెంట్రుక కాదు. చర్మం నుంచి రాలే పొట్టులో, లాలాజలంలో ఉండే ప్రోటీన్లు. పిల్లి రోజంతా ఒళ్లు నాక్కుంటుంది. ఆ లాలాజలం బొచ్చు మీద ఆరిపోయి సన్నటి పొడిగా రాలుతుంది. పిల్లుల్లో ముఖ్యమైన ప్రోటీన్‌ను ఫెల్ డి 1 అంటారు, కుక్కల్లో కాన్ ఎఫ్ 1. పిల్లిది మరీ మొండిది. అందులో కొంత భాగం 5 మైక్రాన్ల కంటే చిన్న రేణువుల మీద ఉంటుంది కాబట్టి గంటల తరబడి గాల్లో తేలుతూనే ఉంటుంది. బట్టలకు, గోడలకు అంటుకుంటుంది. పిల్లి లేని ఇళ్లలో, స్కూళ్లలో కూడా ఇది దొరుకుతుంది, మనుషుల బట్టల మీద ప్రయాణం చేసి వెళ్లిందన్నమాట. మగ కుక్కల్లో కాన్ ఎఫ్ 5 అని ఇంకోటి ఉంది, అది ప్రొస్టేట్ గ్రంథిలో తయారవుతుంది. కుక్కలు పడని వాళ్లలో కొందరికి పడనిది ఇదొక్కటే. మీ లాబ్‌కు (లాబ్రడార్‌కు) పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కాకపోతే ఆ కోణంలో కూడా ఆలోచించండి. మగ పిల్లికైనా అంతే, న్యూటరింగ్ చేయిస్తే ఫెల్ డి 1 తగ్గుతుంది, మూత్రం ఘాటు కూడా తగ్గుతుంది.

బొచ్చు రాలని జాతి కుక్కను తెచ్చుకుంటే అలర్జీ ఉండదని బ్రీడర్లు చెప్పే మాట నమ్మకండి. 2011లో అమెరికాలోని డెట్రాయిట్‌లో హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రి పరిశోధకులు ఇళ్లలో దుమ్ము తీసి పరీక్షిస్తే, అలాంటి జాతులున్న ఇళ్లకూ మామూలు కుక్కలున్న ఇళ్లకూ కాన్ ఎఫ్ 1లో తేడా కనిపించలేదు. అలాగే ఎండాకాలం రాగానే లాబ్‌కు గుండు చేయించేస్తుంటారు. దానికి రెండు పొరల బొచ్చు ఉంటుంది, అది ఎండ నుంచి కూడా కాపాడుతుంది. గుండు కొట్టించినంత మాత్రాన అలర్జీ తగ్గదు, చర్మం మాత్రం కాలుతుంది.

ఇక పొగ సంగతి. 2003లో వచ్చిన ఒక అధ్యయనంలో ఒక దోమల కాయిల్ పూర్తిగా కాలితే 75 నుంచి 137 సిగరెట్ల నుంచి వచ్చేంత పీఎం 2.5 (ఊపిరితిత్తుల లోపలికి దిగే అతి సన్నటి రేణువులు) వస్తుందని లెక్కగట్టారు. సాంబ్రాణి, అగరబత్తి కూడా పొగే, అందులోనూ అవే సన్నటి రేణువులు. తలుపులు మూసిన ఫ్లాట్‌లో రెండు పూటలా సాంబ్రాణి వేసి పాప దగ్గుకు కుక్కను అనడం న్యాయం కాదు. పూజ మానమని అనడం లేదు. దీపం పెట్టుకోండి, అగరబత్తి వెలిగించాలనిపిస్తే బాల్కనీలో తులసి కోట దగ్గర ఒకటి వెలిగించండి. దోమలకు కిటికీలకు మెష్ వేయించండి, పాప మంచానికి దోమతెర కట్టండి.

ఫినాయిల్ మీ పిల్లికి నేరుగా ప్రమాదం. ఫినాల్ జాతి రసాయనాలను విరిచి బయటకు పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. నల్ల ఫినాయిల్‌లో ఉండేవి అవే. తెల్ల ఫినాయిల్‌లో పైన్ ఆయిల్ ఉంటుంది, అదీ పడదు. తడి నేల మీద నడుస్తుంది, పాదాలు నాక్కుంటుంది, మందు కడుపులోకి పోతుంది. టీ ట్రీ, యూకలిప్టస్ లాంటి నూనెలు పోసే డిఫ్యూజర్లూ అంతే. బీరువాలో కలరా ఉండలు వేసే అలవాటుంటే అవి కూడా తీసేయండి, కుక్కలు మింగి నా దగ్గరకు వచ్చిన సందర్భాలున్నాయి. నేల తుడవడానికి నీళ్లలో రెండు చుక్కల మామూలు లిక్విడ్ సోప్ చాలు. ఎప్పుడైనా క్రిమిసంహారిణి వాడాల్సి వస్తే మంచినీళ్లతో మళ్లీ ఒకసారి తుడిచి, ఆరేదాకా జంతువులను వేరే గదిలో ఉంచండి. ముఖ్యంగా ఇది గుర్తుపెట్టుకోండి: మూత్రం పోసిన చోట బ్లీచింగ్ పౌడర్ వేయొద్దు. మూత్రంలోని అమ్మోనియాతో బ్లీచ్ కలిస్తే క్లోరమైన్ అనే ఘాటైన గ్యాస్ పుడుతుంది. బ్లీచ్‌ను యాసిడ్ టాయిలెట్ క్లీనర్‌తో కలిపితే ఏకంగా క్లోరిన్. ఉబ్బసం ఉన్న పిల్లలకు ఈ రెండూ చాలా ప్రమాదం.

మరి వాసన? ఆరోగ్యంగా ఉన్న కుక్క ఇల్లంతా కంపు కొట్టదు. స్నానం చేయించిన రెండో రోజుకే వాసన వస్తోందంటే దాని ఒంట్లో ఏదో ఉంది, దాన్ని వెతకాలి. ముందు చెవి మడత పైకెత్తి వాసన చూడండి. పులిసిన పిండిలా వస్తూ గోధుమరంగు జిడ్డు ఉంటే ఈస్ట్ ఇన్‌ఫెక్షన్. లాబ్‌లకు చెవులు వేలాడుతూ ఉంటాయి, వానాకాలంలో లోపల తడి ఆరదు కాబట్టి ఇది మహా మామూలు. తర్వాత కాలివేళ్ల మధ్య చూడండి, ఎర్రగా ఉండి ఊరికే నాక్కుంటుంటే అదే కథ. చేపల వాసన వస్తూ పిరుదులు నేలకేసి రాస్తుంటే మలద్వారం పక్కనుండే గ్రంథులు నిండాయని అర్థం. నోటి కంపు అయితే పళ్ల మీద గార. వీటిలో ఏదైనా సరే స్నానాలతో పోదు, వైద్యంతో పోతుంది. చెవికి మందు వేశాక పది రోజుల్లో ఇంట్లో వాసన పోయిందని ఫోన్ చేసినవాళ్లు ఎందరో.

పిల్లి విషయంలో వాసనంతా లిట్టర్ బాక్స్ దగ్గరే, అంటే దాని మలమూత్రాలకు మట్టిలాంటి లిట్టర్ పోసి పెట్టే పెట్టె దగ్గర. మూత్రంలోని యూరియాను బ్యాక్టీరియా విరిచి అమ్మోనియా చేస్తుంది, దానికి కొంత టైమ్ పడుతుంది. అందుకే పొద్దున ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి గడ్డలు తీసేస్తే సగం సమస్య పోతుంది. పిల్లులు ఎన్నుంటే అంతకంటే ఒకటి ఎక్కువ బాక్సులు పెట్టాలన్నది మా లెక్క, మీకు ఒక్క పిల్లే కాబట్టి రెండు. మూత ఉన్న బాక్స్ మనకు బాగుంటుంది గానీ లోపల అమ్మోనియా పేరుకుంటుంది, పిల్లి బయట పోయడం మొదలుపెడుతుంది. మట్టి లిట్టర్ పోసేటప్పుడు లేచే తెల్లటి దుమ్ము కూడా పాపకు మంచిది కాదు. దుమ్ము తక్కువుండే రకంగానీ టోఫు లిట్టర్‌గానీ తీసుకోండి. సెంటు కలిపిన రకం వద్దు. బాక్స్‌ను ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉన్న బాత్రూమ్‌లో పెట్టి, ఫ్యాన్ ఎక్కువసేపు తిరగనివ్వండి.

సోఫా మీదో, పరుపు మీదో పోసిన మరక ఉంటే దాని పని వేరు. తాజాగా ఉన్నప్పుడు రుద్దకూడదు. రుద్దితే లోపలి స్పాంజిలోకి దిగుతుంది. పాత కాటన్ గుడ్డ మడిచి వేసి, మీద బరువు ఆనించి పీల్చనివ్వాలి. గుడ్డ మార్చి మళ్లీ. తడి అంటడం ఆగాక, మూత్రంలోని పదార్థాలను విరిచే ఎంజైమ్ క్లీనర్‌ను మూత్రం దిగినంత లోతుకీ దిగేలా పోసి, సీసా మీద రాసినంతసేపు వదిలేసి, ఫ్యాన్ కింద ఆరనివ్వాలి. సబ్బు నీళ్లతో సరిపెడితే పైపైన పోతుంది గానీ యూరిక్ యాసిడ్ స్ఫటికాలు నీళ్లలో కరగవు, అలాగే ఉండిపోతాయి. తొలకరి వాన పడి గాల్లో తేమ పెరగ్గానే, పోయిందనుకున్న వాసన మళ్లీ లేచేది అందుకే. మరక ఎక్కడో తెలియకపోతే రాత్రి లైట్లార్పి అల్ట్రావయొలెట్ టార్చ్ వేసి చూడండి, ఆన్‌లైన్‌లో చవగ్గానే దొరుకుతుంది. సోఫా కాళ్ల దగ్గర, టైల్స్ మధ్య సందుల్లో, కర్టెన్ అంచున పచ్చగా మెరుస్తుంది.

దుమ్ము విషయంలో మన ఇళ్లకు ఒక సౌకర్యం ఉంది. తివాచీలు లేవు, టైల్సో గ్రానైటో. కానీ పొద్దున్నే పొడి చీపురుతో ఊడవడం వల్ల అడుగున పడ్డ పొట్టు అంతా మళ్లీ గాల్లోకి లేస్తుంది, పైగా సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటుంది. ముందు ఫ్యాన్ ఆపి, తడిపి పిండిన మాప్‌తో వెంట్రుకలను ఒక మూలకు చేర్చి ఎత్తేయండి, తర్వాత మామూలుగా తుడవండి. పనమ్మాయి వస్తే ఆమెకు ఒకసారి చేసి చూపించండి, ఆమె ఊపిరితిత్తులకూ అదే మంచిది. ఊడ్చే టైమ్‌కు పాప ఆ గదిలో లేకుండా చూసుకోండి. వాక్యూమ్ కొంటే సన్నటి దుమ్మును కూడా ఆపే హెపా ఫిల్టర్ ఉన్నదే కొనండి, లేకపోతే ముందు నుంచి పీల్చిన సన్నటి దుమ్మును వెనక నుంచి వదులుతుంది. ఫ్యాన్ రెక్కల మీద దుమ్మును పాత దిండు గలీబు తొడిగి లాగితే కింద పడకుండా అందులోకే వస్తుంది.

దువ్వడం రోజూ చేయాలి, గది మధ్యలో కాదు. బాత్రూమ్‌లోనో బాల్కనీలోనో, అదీ బొచ్చును కింది ఫ్లాట్ వాళ్ల మీదకు వదలకుండా. ఈ విషయంలో అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో జరిగే గొడవలు నాకు బాగా తెలుసు. ముందు తడి చేత్తో ఒళ్లంతా నిమిరి, తర్వాత దువ్వి, బొచ్చు కవర్లో వేసి మూతి కట్టేయండి. దువ్వే పని అలర్జీ లేని పెద్దవాళ్లది. స్నానం వల్ల కుక్క ఒంటి మీద అలర్జెన్ (అలర్జీ తెచ్చే ఆ ప్రోటీన్) బాగా తగ్గే మాట నిజం, కానీ దాదాపు మూడు రోజుల్లో మళ్లీ మొదటికే వస్తుంది. అంత తరచుగా చేయించాలంటే మనుషుల షాంపూ పనికిరాదు, చర్మం పొడిబారి పొట్టు ఇంకా రాలుతుంది. మీ డాక్టర్ చెప్పిన మైల్డ్ షాంపూతో వారానికి ఒకసారికి మించొద్దు, మిగతా రోజుల్లో తడిగుడ్డతో తుడిస్తే చాలు. పిల్లిని స్నానం పేరుతో హింసించకండి, దానికి వారంలోపే మళ్లీ అంతా యథాతథం.

ఇవన్నీ ఒక ఎత్తు, పాప పడకగది ఒక ఎత్తు. ఆ ఒక్క గదిలోకి ఏ జంతువూ అడుగుపెట్టకూడదు, పగలు కూడా. రోజులో ఎనిమిది తొమ్మిది గంటలు పాప పీల్చే గాలి అదే. మొదటి వారం కుక్క తలుపు దగ్గర కూర్చుని మూలుగుతుంది, పట్టించుకోకండి, దాని పరుపు హాల్లో ఒకచోట స్థిరంగా వేస్తే అలవాటు పడుతుంది. పాప పరుపుకూ దిండ్లకూ జిప్ ఉన్న మైట్ ప్రూఫ్ కవర్లు వేయండి. దుప్పట్లు వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతకాలి, వాషింగ్ మెషీన్లో ఆ ఆప్షన్ ఉంటుంది. బూరుగుదూది పరుపు అయితే ఎండలో వేసి దులపండి, దులిపేది పాప కాకుండా చూసుకోండి. బొమ్మలు మంచం మీద గుట్టగా వద్దు. గాల్లో తేమ 50 శాతం దాటితే మైట్స్ బాగా పెరుగుతాయి. వానాకాలంలో ఏసీని డ్రై మోడ్‌లో పెట్టడం అందుకే పనికొస్తుంది, విశాఖలోనో కాకినాడలోనో ఉన్నవాళ్లకైతే ఏడాదిలో చాలా నెలలు.

ఏసీ అంటే గుర్తొచ్చింది. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తేదు, ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. ముందు మూత పైకెత్తి జాలీ బయటకు లాగి చూడండి. కుక్క ఉన్న ఇంట్లో నెల రోజులు వదిలేస్తే జాలీ మీద బూడిదరంగు దుమ్ము, బొచ్చు కలిసి ఒక పొరలా కట్టి, గోటితో గీరితే చాపలా ఊడివస్తుంది. రెండు వారాలకోసారి పంపు కింద వెనక వైపు నుంచి నీళ్లు కొట్టి, నీడలో ఆరబెట్టి పెట్టండి. పది నిమిషాల పని. ఏసీ వేయగానే ముక్క వాసన వస్తే లోపల కాయిల్ మీద బూజు, సర్వీస్ చేయించాల్సిందే.

కిటికీలు ఎప్పుడు తెరవాలన్నది హైదరాబాద్‌లో సీజన్‌ను బట్టి. డిసెంబర్, జనవరి తెల్లవారుజామున చల్లటి గాలి నేలకు దగ్గరగా నిలిచిపోయి పొగంతా కిందే ఉంటుంది. అప్పుడు కిటికీలు తెరిస్తే లాభం కంటే నష్టం. ఎండెక్కాక, పదకొండు నుంచి నాలుగు మధ్య, ఎదురెదురు కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వండి. పీఎం 2.5కు మన దేశంలో 24 గంటల పరిమితి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టినది 15 మాత్రమే. ఫోన్‌లో మీ దగ్గరి స్టేషన్ రీడింగ్ చూసే అలవాటు చేసుకోండి, అందులో గ్రీన్ చూపిస్తే మన లెక్కన ఫర్వాలేదనే అర్థం. వంట చేసేటప్పుడు, ముఖ్యంగా పోపు వేసేటప్పుడు చిమ్నీ వేయడం మర్చిపోవద్దు.

ఇంతవరకూ చేశాక ప్యూరిఫయర్. హాల్లో కాదు, పాప గదిలో పెట్టండి. హెపా హెచ్13 ఫిల్టర్ ఉన్నదే కొనండి. అయనైజర్, ఓజోన్ అని గొప్పగా రాసినవి వద్దు, ఓజోన్ ఊపిరితిత్తులను మండించే వాయువు. షాపులో చదరపు అడుగులు చెబుతారు, దాన్ని నమ్మకుండా సీఏడీఆర్ అంకె చూడండి, అంటే గంటకు ఎన్ని ఘనపు మీటర్ల శుభ్రమైన గాలి ఇస్తుందన్నది. మీ గది 12 అడుగుల పొడవు, 11 వెడల్పు, 10 ఎత్తు అనుకుందాం. 1320 ఘనపు అడుగులు, అంటే సుమారు 37 ఘనపు మీటర్లు. గంటకు ఐదుసార్లు గాలి మొత్తం శుభ్రపడాలంటే 37 ఇంటూ 5, దాదాపు 185. ఆ అంకె మధ్య స్పీడులో రావాలి. ఫుల్ స్పీడు చప్పుడుకు రాత్రి ఎవరైనా ఆపేస్తారు కాబట్టి పెట్టె మీద 300 దాకా ఉన్నది తీసుకుంటే నయం. అంటే మీరు అనుకున్న పాతిక వేలు పెట్టనక్కరలేదు కూడా. ఆ డబ్బులో కొంత ఏటా మార్చే ఫిల్టర్‌కు పక్కన పెట్టుకోండి. బయటి ప్రీఫిల్టర్‌కు బొచ్చు వారంలోనే పట్టేస్తుంది, దాన్ని తుడుస్తూ ఉండాలి. గోడకు, కర్టెన్‌కు ఆనించకుండా పెట్టి, తలుపు మూసి, రోజంతా నడవనివ్వండి. వాసనకు దీని మీద ఆశ పెట్టుకోవద్దు. లోపలుండే పల్చటి కార్బన్ పొర అమ్మోనియాకు చాలదు.

గాలి శుభ్రం చేస్తాయని మొక్కలు తెచ్చే ముందు కూడా ఒక మాట. 1989 నాటి నాసా ప్రయోగం చిన్న మూసిన పెట్టెల్లో చేసింది. 2019లో పాత ప్రయోగాలన్నీ కలిపి లెక్క వేస్తే, కిటికీ తెరిచినంత ఫలితం మొక్కలతో రావాలంటే చదరపు మీటరుకు కనీసం పది మొక్కలు, కొన్ని సందర్భాల్లో వెయ్యి దాకా కావాలని తేలింది. మనీ ప్లాంట్, స్నేక్ ప్లాంట్ నమిలితే కుక్క, పిల్లి రెండింటికీ నోరు మండి వాంతులవుతాయి. లిల్లీ అయితే పిల్లి ప్రాణానికే ముప్పు, ఆకు నమిలినా, పుప్పొడి నాకినా కిడ్నీలు పోతాయి. బొకేలో వచ్చిన లిల్లీని కూడా గుమ్మం దాటి లోపలికి రానివ్వకండి.

ఇచ్చేయడం గురించి. "పది రోజులు ఊరికి పంపి చూద్దాం, పాపకు తగ్గితే తెలుస్తుంది కదా" అని అత్తగారు అనొచ్చు. ఆ పరీక్ష పనిచేయదు. పిల్లి వెళ్లిపోయాక కూడా ఇంట్లో దాని అలర్జెన్ మామూలు స్థాయికి దిగడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పట్టొచ్చు. పది రోజుల్లో తగ్గకపోయినా, తగ్గినా ఏమీ తేలినట్టు కాదు. అలర్జీ రిపోర్టు తీసుకుని, పైన చెప్పినవి రెండు మూడు నెలలు గట్టిగా చేయండి. ఈలోగా పాప ఎన్ని రాత్రులు దగ్గుతో లేచిందో క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి. మైట్స్ అయితే పరుపుతోనే చాలావరకు తగ్గుతుంది. రిపోర్టులో పిల్లి గానీ కుక్క గానీ గట్టిగా వచ్చి, మందులు వాడుతున్నా పాపకు ఊపిరిలో పిల్లికూతలు, ఆయాసం తగ్గకపోతే అప్పుడు ఇమ్యునోథెరపీ (పడనిదాన్నే కొద్దికొద్దిగా ఇచ్చి ఒంటికి అలవాటు చేసే చికిత్స) గురించి డాక్టర్‌ను అడగండి. అదీ కుదరకపోతే పాప ఆరోగ్యమే ముందు, ఆ మాట పశువైద్యుడిగానే చెబుతున్నాను. అప్పుడైనా రెండింటినీ కాదు, రిపోర్టులో వచ్చినదాన్ని మాత్రమే, తెలిసినవాళ్ల ఇంటికి. రిపోర్టు వచ్చాక అంకెలు ఇక్కడ పెడితే చూసి చెబుతాను, లాబ్ చెవుల ఫొటో కూడా పెట్టండి.